అగ్నిలో శుద్ధి చేసిన బాజా

మా బాపు శాక్సఫోన్ మళ్లీ మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి, చూసినవాళ్లంతా ఒకటే మాట అంటున్నారు. "ఇంత మంచి బాజా, జర బాగు చేయించరాదా?" ఆడవాళ్ల కూడికకు వచ్చినవాళ్లు దాన్ని చేత్తో నిమిరి, ఆ ఇత్తడిలో తమ ముఖం చూసుకొని నవ్వుకుంటారు. అంతగా మెరుస్తుంది. మీటలు మాత్రం ఒక్కటీ కదలవు.

నేను దాన్ని బాగు చేయించను. ఎందుకని అడిగినవాళ్లకు గుడి వాకిట్లో నిలబడి చెప్పేంత చిన్న సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను విశ్వాసిని. మిషన్ బడిలో చదివాను, ఆ బడిలోనే పిల్లలకు చదువు చెబుతున్నాను. పొద్దున లేస్తే మోకాళ్ల మీదే నా మొదటి పని. దేవుడి మీద నాకు ఫిర్యాదు లేదు. నా బాధంతా దేవుడి పేరు మీద మనుషులు చేసిన ఒక పని గురించి. చేసినందుకు కూడా కాదు, చేశామని అనకపోయినందుకు.

మాది కరీంనగర్‌కు ఎడ్లబండి మీద పొద్దున బయలుదేరితే మధ్యాహ్నానికి చేరే దూరంలో ఉన్న ఊరు. మా తాత డప్పు కొట్టేవాడు. కొట్టడం ఆయన ఇష్టం కాదు, ఆయన పుట్టిన ఇంటికి ఊరు పెట్టిన పని. చావుకు కొట్టాలి, జాతరకు కొట్టాలి, దొర ఏదైనా చాటింపు వేయమంటే వీధి వీధీ తిరిగి కొట్టాలి. బాప్తిస్మం తీసుకున్న రోజు మా తాత ఆ డప్పును పొయ్యిలో పెట్టేశాడు. అందుకు దొర ఉండే గడీ ముందు, ఎండలో, వీపు మీద రాయితో వంగి నిలబడ్డాడు. ఇక కొట్టనన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి కథ ఒకటి ఉంది. మా గుడి రాళ్లతో కట్టిందని బయటివాళ్లు అనుకుంటారు గానీ, అది డప్పు మానేసినవాళ్ల వీపుల మీద లేచింది. ఇది తెలియకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మా పెద్దలను మూర్ఖులని కొట్టిపారేయడం తేలిక. నేను ఆ పని చేయను.

తాత డప్పు కాల్చినా, ఆయన కొడుకు మా బాపు చేతుల్లో తాళం పోలేదు. వయసులో కరీంనగర్ వెళ్లి ఒక పెళ్లి బ్యాండులో చేరాడు. ఆ బ్యాండు పెట్టినాయన నిజాం పల్టన్‌లో వాయించిన ముసల్మాను. పోలీసు చర్య తర్వాత పల్టన్ పోయింది, జీతం పోయింది. మిగిలిన బాజాలు పోగేసుకొని ఆయన పెళ్లిళ్ల మీద పడ్డాడు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. కొన్నేళ్లకు ఆయనకు దమ్ము రోగం పట్టుకొంది. అప్పుడు తన శాక్సఫోన్ తెచ్చి బాపు ఒళ్లో పెట్టాడట. "నా ఊపిరి అయిపోయింది. గిది నీ మూతికే కుదిరింది, తీస్కపో," అన్నాడట. మా వాడలో దాన్ని వంకర సన్నాయి అనేవాళ్లు.

బ్యాండువాళ్లకు ఎర్రకోటు, దాని మీద జరీ పట్టీ, కాళ్లకు బూట్లు. ఆ బూట్ల సంగతి బాపు చచ్చేదాకా చెప్పాడు. మా తాత ఏ గడీ ముందు రాయి మోశాడో ఆ గడీలోనే ఒకసారి పెళ్లి పడింది. మావాళ్లు ఆ వాకిట్లోకి అడుగు పెట్టాలంటే చెప్పులు చేత్తో పట్టుకోవాలి. కానీ బ్యాండు డ్రెస్సులో బూట్లు ఒక భాగం, విప్పమంటే డ్రెస్సు చెడుతుంది.

"బూట్లేసుకొని గడీ ముంగట నడిచిన," అనేవాడు బాపు. "టకటకా నడిచిన. దొర సూసిండు. ఏమన్నా అంటె బ్యాండు ఆగుతది, బ్యాండు ఆగితె పెండ్లి ఆగుతది. ఏమంటడు?"

నాకు ఆ బాజా అంటే మొదట గుర్తొచ్చేది దాని మోత కాదు, దాన్ని తుడవడం. బాపు అరుగు మీద కూర్చొని మెత్తని ధోతి పేలికతో దాని గొట్టమంతా తుడిచి, మూతికి పెట్టుకొనే నల్లటి ముక్కను విడిగా ఊడదీసి, చుట్టూ ఊది ఒక పాత డబ్బాలో దాచేవాడు. మౌత్‌పీసు అనేవాడు దాన్ని. మా అమ్మ, మేం అవ్వ అనేవాళ్లం, వంటింట్లోంచి, "నన్ను గూడ గట్ల ఒక్కసారి సూడరాదు," అని ఎత్తిపొడిచేది. "నువ్వు పలికినంత గిది పలకదు, నీకెందుకు తుడుసుడు," అనేవాడు బాపు.

పెళ్లిళ్లకు వాయించినంత కాలం సంఘం చూసీ చూడనట్టు ఊరుకుంది. ఒక ఏడు ఉస్తాద్ కొండగట్టు జాతరకు బ్యాండు ఒప్పుకున్నాడు. బాపు వెళ్లాడు. ఊరేగింపు ముందు వాయించాడు. ఆ తర్వాతి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారపు బల్ల దగ్గరకు లేచి వెళితే, పెద్దలు రానివ్వలేదు. అందరూ మోకాళ్లూనిన చోట బాపు ఒక్కడు నిలబడి ఉండి, తిరిగి వచ్చి మా పక్కన కూర్చున్నాడు. అవ్వ తల మీది కొంగు ముక్కుదాకా లాక్కొంది.

అప్పుడు సంఘపు పెద్ద, మా బాపుకు వరుసకు అన్న. నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. వాక్యం మీద, అంటే బైబిలు మీద, ఆయనకు ఉన్న పట్టు గుళ్లో ప్రసంగం చేసే అయ్యగార్లకు కూడా ఉండేది కాదు. ఏ మాట ఎక్కడుందో పుట చూడకుండా చెప్పేవాడు. నాకు చదవడం మీద మనసు పుట్టింది ఆయన నోట వినే. ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"తమ్మీ, అయ్య డప్పు గాల్చింది నువ్వు ఇత్తడి డప్పు మెడకేసుకునేటందుకానే?"

"ఇగ పోనన్నా. పెండ్లిళ్లు బంద్, జాతరలు బంద్. గుళ్లె వాయిస్త. పాటలకు తోడు వాయిస్త, ఇను ఒక్కపారి."

"కొండగట్టు కాడ వాయించిన దాన్ని గుళ్లెకు తెస్తవా?"

"కొండగట్టు కాడ వాయించిన నోరు గిదే గద. నోటికి క్షమాపణ దొరికితే బాజాకు దొరకదా?"

"నోరు ఒప్పుకుంటది. ఇత్తడి ఏం ఒప్పుకుంటది?"

అవ్వ గుమ్మంలోంచే అంది, "బావా, మీ ఇంట్ల నీళ్లు తాగే చెంబు ఏ బజార్ల కొన్నరు? అది ముందుగాల ఎవ్వలింట్ల ఉండెనో అడిగిన్రా?"

"నువ్వు ఊకో," అన్నాడు బాపు. పెద్దబాపు నవ్వలేదు. ఆలోచిస్తున్నాడు. ఆయన అలా ఆలోచించిన ప్రతిసారీ వాక్యం పుటలు ఆయన కళ్ల వెనకాల తిరుగుతున్నట్టుండేది.

దొరికింది. మోషే కాలంలో జనం యుద్ధం చేసి అన్యుల వస్తువులు తెచ్చినప్పుడు వాటిని ఎలా వాడుకోవాలో ఒక నియమం ఉంది. బంగారం, వెండి, ఇత్తడి, ఇనుము, ఇలా అగ్నికి నిలిచేవన్నీ అగ్నిలో వేసి తీయాలి. నిలవనివి నీళ్లలో ముంచి తీయాలి. పెద్దబాపు ఆ మాట చెబుతుంటే ఆయన ముఖం వెలిగింది. ఆ వెలుగు నిజమైనదే. తమ్ముణ్ని వెళ్లగొట్టకుండా ఉంచుకునే దారి ఒకటి వాక్యంలోనే దొరికిందని ఆయన సంతోషం. బాపు కూడా సంతోషపడ్డాడు. మేమంతా ఆ రాత్రి స్తోత్రం చెప్పి పడుకున్నాం.

గుడి వెనక తుమ్మ మొద్దులు పేర్చారు. ఆరాధన అయ్యాక సంఘమంతా అక్కడికే వచ్చింది. బాపు మౌత్‌పీసు ఊడదీసి ఒక పళ్లెంలో పెట్టాడు. అది నిప్పుకు నిలవదు కాబట్టి దాన్ని నీళ్లలో ముంచి తీశారు. తర్వాత మిగతాది చేతిలోకి తీసుకొని, మంట దగ్గరికి వెళ్లి ఆగాడు.

"అన్నా, దీంట్ల తోలు బిళ్లలున్నయి. ప్రతి మీట కింద ఒకటుంది. గొట్టానికి ఆడీడ సీసం మాట్లున్నయి. ఇది ఒక్క ఇత్తడి గాదు."

"వాక్యంల ఇత్తడి అని పేరు వెట్టి ఉన్నది."

"వేడికి నిలవదేమో అన్నా."

"షద్రకు, మేషాకు అగ్నిగుండంల నిలిచిన్రు. నీకు విశ్వాసం లేకుంటే ఇప్పుడే చెప్పు తమ్మీ, ఆపేద్దాం."

అందరి ముందూ ఆ ప్రశ్న వేస్తే ఏ విశ్వాసి లేదంటాడు? బాపు తన చేత్తోనే దాన్ని మంటలో పెట్టాడు. దీన్ని నేను దాచను. ఎవరూ లాక్కోలేదు. తర్వాత జరిగినదాంట్లో ఆయన్ని ఎక్కువ కాల్చింది కూడా ఇదే.

పాట అందుకున్నారు. మొదట తోలు కాలిన వాసన వచ్చింది. చెప్పులు కుట్టేచోట వచ్చే వాసనకు లక్క కలిపినట్టుంది. తర్వాత మాట్లు కరిగి బొట్లు బొట్లుగా బూడిదలో పడ్డాయి. మీటల కింది సన్నని స్ప్రింగులు ఎర్రబడి వంగిపోయాయి. పాట చివరి చరణానికి పట్టకారుతో బయటికి లాగి, ఆపుకోలేని ఉత్సాహంతో ఎవరో కుండెడు నీళ్లు పోశారు. చుయ్యిమంది. నాకు అది ఇవాళ్టికీ వినబడుతుంది.

నల్లగా అయిపోయింది. బాపు దాన్ని గుడ్డతో పట్టుకొని మౌత్‌పీసు తగిలించి ఊదాడు. గాలి అన్ని రంధ్రాల్లోంచీ పోయింది. బుస్సుమన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ఊదాడు. బుగ్గలు పొంగి, మెడ నరాలు లేచి, కళ్లు ఎర్రబడ్డాయి. సంఘమంతా చూస్తోంది.

ఆ క్షణంలో మా పెద్దబాపు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. అయ్యో తమ్మీ, ఖరాబైందిరా, అని. ఆయన బాజా వైపు చూసి, తర్వాత చెయ్యి పైకెత్తి, "దేవుడు దాని నోరు మూసిండు," అన్నాడు. ఆమెన్ అన్నారు అందరూ.

అన్యుల దేవుడి ముందు పలికిన బాజా, నిజమైన దేవుడి ముందు మూగబోయింది. ఆ మాట అలా సాక్ష్యమైంది. పక్క ఊళ్ల సంఘాల్లో చెప్పారు. మహాసభల్లో చెప్పారు. ఎక్కడికి వెళ్లినా బాపును చూపించి, "గీయన బాజాకే దేవుడు నోరు మూసింది," అనేవాళ్లు. బాపు తల ఊపేవాడు. అదే గ్రంథంలో దేవుడు గాడిదకు నోరు తెరిచిన సంగతి నేను చదివాను. బాజాకు నోరు మూసిన సంగతి నాకెక్కడా కనబడలేదు. పెద్దయ్యాక ఆ నియమం మళ్లీ మళ్లీ చదివాను. అగ్నికి నిలవనిదాన్ని నీళ్లలో వేయమని ఆ పక్క మాటే ఉంది. తోలు నిలవదని బాపు చెప్పాడు. నీళ్లు ఉన్నాయి, పళ్లెం ఉంది. మౌత్‌పీసును ముంచిన పళ్లెంలోకే మిగతాదాన్నీ ముంచి ఉంటే మోషే మాటా నిలిచేది, బాజా నిలిచేది.

బాపును బల్ల దగ్గరికి రానిచ్చారు. బ్యాండు లేదు, బాజా లేదు. బతకడానికి కాగజ్‌నగర్ వెళ్లి కాగితం మిల్లులో వెదురు మోసే పనిలో చేరాడు. అడవి నుంచి వచ్చిన వెదురు బొంగులు లారీల నుంచి దింపి పేర్చడం. సెలవుకు వచ్చినప్పుడు భుజం మీద కాయలు చూపించి, "బాజా బెల్టు గీడనే ఉంటుండె," అని నవ్వేవాడు. నల్లబడిన బాజా గోనె సంచిలో మా ఇంటి వాసాలకు వేలాడేది. మౌత్‌పీసు మాత్రం ఆయన జేబులో ఉండేది. అది ఒక్కటే ఊదితే బాతు అరిచినట్టు అరుస్తుంది. ఏడ్చే పిల్లల్ని ఊరుకోబెట్టడానికి పనికొచ్చేది.

ఏళ్లు గడిచాయి. బాపు దగ్గుతో, ముందు పళ్లు ఊడిపోయి ఇంటికి వచ్చేశాడు. అప్పటికి మా సంఘానికి కొత్త అయ్యగారు వచ్చాడు. కుర్రవాడు, సంగీతం మీద ఇష్టం ఉన్నవాడు. సాక్ష్యం విన్నాడు, బాజా ఇంకా ఉందని విన్నాడు. మా ఇంటికి వచ్చి సంచి దింపించి చూశాడు.

"దీన్ని బాగు చేయించి, గుడి పండుగనాడు వాయిస్తే ఎట్లుంటది? అగ్నిలో శుద్ధి అయిన బాజా మళ్లీ పలికింది అని చెప్పొచ్చు."

పెద్దబాపు ఆయన పక్కనే ఉన్నాడు. మా అందరికంటే ముందు, "మంచి మాట, మంచి మాట," అన్నాడు. అంత తొందరపడి ఆయన ఏ మాటా అనగా నేను వినలేదు. ఆ తొందరే నాకు చెప్పింది, ఇన్నేళ్లూ అది ఆయన మెడకు కూడా వేలాడుతోందని.

బాపు మాత్రం ముందు ఉస్తాద్‌కు చూపిద్దాం, బాగయ్యేదో కాదో తెలుసుకుందాం అన్నాడు. నేనూ బాపూ బస్సెక్కి కరీంనగర్ వెళ్లాం. ఉస్తాద్ ముసలివాడైపోయి, మనవళ్ల బ్యాండు దుకాణంలో ఒక మూల మంచం వేసుకొని ఉన్నాడు. సంచి విప్పగానే మంచం మీద లేచి కూర్చున్నాడు.

"అరె భాయ్! నీకిచ్చింది బాజానా, కబాబా?"

"మా వాళ్లు శుద్ధి చేసిన్రు ఉస్తాద్."

"కబాబ్ అయినా జర నూనె రాసి కాలుస్తరు గద బై!" దగ్గు వచ్చి ఆగాడు. తర్వాత దాన్ని ఒళ్లోకి తీసుకొని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. తన పల్టన్ రోజుల బాజా అది. నవ్వు పోయింది.

"అయితదా ఉస్తాద్?" అని అడిగాను నేను.

"అయితది బేటీ. హైదరాబాద్‌ల చేసేటోళ్లున్నరు. లోపటా బైటా తేజాబ్, గదే యాసిడ్, వోసి మసి తీస్తరు. చచ్చిన బాజాల మీటలు తెచ్చి గిండ్ల పెడతరు. కొత్త తోలేస్తరు. పలుకుతది. గని ఎవ్వడు ఊదుతడు?" బాపు గడ్డం పట్టుకొని, నోరు తెరిపించాడు. "పైపళ్లేవి? పైపళ్లు ఆనియ్యకుంటే ఏం పలుకుతది?"

"నేను ఊదుతందుకు గాదు ఉస్తాద్."

"మరి?"

బాపు బాజాను మళ్లీ సంచిలో పెట్టాడు. బస్సులో తిరిగి వస్తుంటే కిటికీ వైపు తిరిగి నాతో అన్నాడు. "బిడ్డా, అది మళ్లీ పలికితె మనూరోళ్లు ఏమంటరు?"

"దేవుడు నోరు తెరిచిండంటరు."

"గదే. మూసిందీ దేవుడే, తెరిచిందీ దేవుడే. నడుమ కాల్చినోళ్లు ఎవ్వలూ లేరు." సంచిని ఒళ్లో సరిచేసుకున్నాడు. "దేవుని మీద ఎందుకు పెట్టాలె బిడ్డా మనం? ఆయన నా బాజాను ఏమన్నడు?"

అప్పుడు నాకు తెలిసింది ఆయనకు ఏం కావాలో.

మర్నాడు పెద్దబాపు వచ్చాడు. బాపు మంచం మీద కూర్చొని ఉన్నాడు. అవ్వ చాయ్ ఇచ్చింది.

"ఏమన్నడు ఉస్తాద్?"

"బాగైతదన్నడు."

"స్తోత్రం. ఇంకేంది మరి, పంపుదాం."

"పంపుదాం అన్నా. గని ముందుగాల నువ్వు గుళ్లె నిలవడి ఒక్క మాట చెప్పాలె. దేవుడు దాని నోరు ముయ్యలే, మేం చదువుడు తప్పు చదివి కాల్చినం, అని చెప్పు. గంతే. ఆ తర్వాత బాగు చేసినా సరే, చెయ్యకున్నా సరే."

పెద్దబాపు చాయ్ సాసరు కింద పెట్టాడు.

"తమ్మీ, అప్పటికి మాకు తెల్సింది గంతే."

"గదే గుళ్లె చెప్పు."

"నీ ఇంటికచ్చి చెప్తున్న గద."

"నోరు మూసిండని నా ఇంట్ల చెప్పినవా? అందరి ముంగట చెప్పినవ్."

"ఇన్నేండ్లు ఎన్ని సంఘాలు ఆ సాక్ష్యం ఇన్నయి! ఇప్పుడు తప్పన్నమంటే కొత్తగ నమ్మినోళ్లు ఏమైతరు? డప్పు ఇడిసిపెట్టినోళ్లు మల్ల పట్టుకోరా? నువ్వు జర ఆలోచన చెయ్యి."

నేను ఊరుకోలేకపోయాను. "పెద్దబాపూ, అబద్ధం మీద నిలిచే నమ్మకం నిలవదని మీరే నాకు నేర్పిన్రు."

"నీకు నేర్పింది నా మీదికే తిప్పుతవా బిడ్డా," అన్నాడు. కోపంగా కాదు. లేచి, తలుపు దగ్గర ఆగి, "ప్రార్థన చేద్దాం," అన్నాడు. మేమంతా తలలు వంచాం. ఆయన మంచి ప్రార్థన చేశాడు. అందులో ఆ మాట తప్ప అన్నీ ఉన్నాయి.

మా సంఘంలో కోత పండుగ అంటే పెద్ద సంబురం. మొదటి పంటలోంచి ఎవరికి కలిగింది వాళ్లు గుడికి తెస్తారు. వడ్లు, మక్క కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు బలిపీఠం ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వాకిట్లో వాటిని వేలం వేస్తారు. వేలం వేసేది ఎప్పుడూ సంఘపు పెద్దే. దానికి మూడు కట్టుబాట్లు. దేవుడికి పెట్టింది మళ్లీ పెట్టినవాళ్ల ఇంటికి పోకూడదు. అయ్యగారు పాడకూడదు, ఆ కానుకలోంచే ఆయన జీతం కనుక. ఎవరూ పాడకుండా మిగిలినదాన్ని వేలం వేసిన పెద్ద తన పాట మీద ఇంటికి తీసుకుపోవాలి. దేవుడి వాకిట్లో ఏదీ అనాథగా మిగలకూడదని. ప్రతి ఏడూ చివరికి ఏ వాడిపోయిన సొరకాయో పెద్దబాపుకు మిగిలేది. "ఇయ్యాల పెద్దయ్య ఇంట్ల సొరకాయ కూర!" అని అందరూ నవ్వేవాళ్లు.

ఆ ఏడు బాపు బాజాను భుజాన వేసుకొని గుడికి వచ్చాడు. సంచి లేదు. తుడవలేదు. నల్లగా, వంగిన మీటలతో, ఎలా మంటలోంచి తీశారో అలాగే. మౌత్‌పీసు మాత్రం జేబులో ఉంచుకున్నాడు. అందరూ చూస్తుండగా నడవలో నడిచి, గుమ్మడికాయల మధ్య దాన్ని నిలబెట్టి వచ్చి కూర్చున్నాడు. అయ్యగారి వాక్యం ఆ రోజు ఎవరి చెవికీ ఎక్కలేదు.

వేలంలో మొదట అంతా మామూలే. పెద్దబాపు ఒక పుంజును ఎత్తి, "ఇది మా అల్లుని కంటె ముందు లేస్తది, సోమరోళ్ల ఇంటికి అక్కెరకొస్తది, పాడున్రి!" అన్నాడు. నవ్వులు. కోళ్లు పోయాయి, వడ్లు పోయాయి, గుమ్మడికాయలు పోయాయి. బాజా మిగిలింది. పెద్దబాపు దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. ఆ మంట తర్వాత ఆయన దాన్ని ముట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. బాపు గుడి మెట్టు మీద కూర్చొని ఉన్నాడు.

"ఇగో, పాత ఇత్తడి సామాను," అన్నాడు పెద్దబాపు.

"ఏం సామాను అన్నా?" అన్నాడు బాపు మెట్టు మీది నుంచే, మెల్లగా. "పేరు జెప్పు. పాడేటోళ్లకు తెల్వాలె గద."

"బాజా."

"నల్లగెందుకున్నది?"

వాకిట్లో కట్టేసిన కోళ్లు మాత్రం కొక్కొక్కోమంటున్నాయి. చెప్పడానికి అంతకంటే మంచి సమయం దేవుడైనా ఇవ్వలేడు. సంఘమంతా ఉంది, బాజా చేతిలో ఉంది, ప్రశ్న అడిగారు. నేను మనసులో ప్రార్థన చేస్తున్నాను. మా పెద్దబాపు గెలవాలని, అవును, ఆయన కోసమే ప్రార్థన చేస్తున్నాను.

"పాతది గద," అన్నాడు ఆయన. "పాతగైతె నల్లవడతది."

బాపు ఇంకేమీ అడగలేదు.

పెద్దబాపు ఒకటోసారి అన్నాడు. ఎవరూ పాడలేదు. అయ్యగారు పాడటానికి వీల్లేదు. నా చెయ్యి లేవబోతే అవ్వ మణికట్టు పట్టుకొంది. మా ఇంటి నుంచి వెళ్లింది మా ఇంటికి రాకూడదు. రెండోసారి అన్నాడు. మూడోసారి అనకుండానే పెద్దబాపు బాజాను సంకన పెట్టుకొని, తల వంచుకొని ఇంటికి నడిచాడు. ఆయన ఇంట్లో ఆ రోజు ఏం కూర అని ఎవరూ అడగలేదు.

మరుసటి వానకాలం బాపు పోయాడు. సమాధి దగ్గర పెద్దబాపు మాట్లాడాడు. దేవుడి కోసం తన బాజాను సంతోషంగా అగ్నికి ఇచ్చినవాడు అన్నాడు. నేను మన్ను పిడికిట పట్టుకొని విన్నాను. అంత్యక్రియల దగ్గర మాట్లాడేవాళ్లకు ఎదురు చెప్పకూడదని మాకు నేర్పారు. నేర్పింది కూడా ఆయనే.

మొన్నటి ఏడు పెద్దబాపూ వెళ్లిపోయాడు. దినాలయ్యాక ఆయన కోడలు గోనె సంచి ఒకటి తెచ్చి మా అరుగు మీద దింపింది. అందులోంచి తళతళలాడుతూ బాజా బయటికి వచ్చింది. నేను గుర్తుపట్టలేదు. మసి లేదు. ఎక్కడా ఒక మరక లేదు.

"మా మామ శనారం శనారం కూసుండి తోమేటోడు అక్కా. చింతపండు, బూడిద, నిమ్మకాయ. ఎవ్వలను ముట్టనియ్యకపోయేది. సచ్చిపోయే ముంగట మీకు ఇచ్చెయ్యుమన్నడు."

"ఏమన్నా చెప్పుమన్నడా?"

"లే. ఇప్పుడు మంచిగున్నది గద, అన్నడు."

దీన్ని పశ్చాత్తాపం అనేవాళ్లు ఉన్నారు. మా అవ్వ కూడా అంటుంది. "పాపం, ఏండ్లకేండ్లు తోమిండు, ఆ చేతులు ఎంత పుండయినయో," అని కళ్లొత్తుకుంటుంది. నేనూ అలా అనుకోవడానికి ప్రయత్నించాను, మోకాళ్ల మీద ప్రయత్నించాను. కానీ ప్రతి శనివారం తోమినాయన ప్రతి ఆదివారం గుళ్లో నిలబడి మాట్లాడేవాడు. ఆ ఆదివారాల్లో ఒక్కటి చాలు. చింతపండు అక్కర్లేదు. బాపు అడిగింది మసి ఎక్కడిదో చెప్పమని. ఆయన చెప్పలేదు, మసినే తీసేశాడు. ఇప్పుడు దాన్ని చూసినవాళ్లెవరూ నల్లగెందుకున్నదని అడగరు.

అయ్యగారు మళ్లీ అడుగుతున్నాడు. హైదరాబాద్ పంపుదాం, సంఘమే చూసుకుంటుంది, మీ నాన్న పేరు నిలుస్తుంది అంటున్నాడు. మంచివాడు, మంచి మనసుతోనే అంటున్నాడు. ఉస్తాద్ చెప్పింది నాకు గుర్తుంది. పంపితే లోపలా బయటా తేజాబు పోస్తారు.

అందుకే పంపను. బాజా కిందికి వచ్చి మళ్లీ పైకి తిరిగే చోట ఒక వంపు ఉంటుంది. పెద్దబాపు గుడ్డ అక్కడికి చేరలేదు. నేను బాపు మౌత్‌పీసును ఆ పక్కనే డబ్బాలో పెట్టి ఉంచాను, తగిలించలేదు. ఇంత మంచి బాజా, బాగు చేయించరాదా అన్నవాళ్లను కూర్చోబెడతాను. లోపలికి చెయ్యి పెట్టమంటాను. పెట్టి, తీసి, నల్లబడిన వేళ్లు చూసుకొని, ఇదేంది అని అడుగుతారు. అప్పుడు చెబుతాను.